మడత విప్పితే వినిపించే మాట: వర్జీనియా పల్లె కోర్టుల దావా కాగితాలు

(గ్రంథాలయ వారోత్సవాల సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

వారోత్సవాల్లో ఏదైనా పుస్తకం గురించి మాట్లాడమని నిర్వాహకులు అడిగారు. నేను పుస్తకాల మధ్య బతికిన మనిషిని కాను. ముప్పై మూడేళ్లు సివిల్ కోర్టులో పనిచేశాను. కాపీయిస్టుగా చేరి రికార్డు కీపరుగా పదవీ విరమణ చేశాను. నా చేతుల మీదుగా వెళ్లినవన్నీ దావా కట్టలే. వాటి గురించే మాట్లాడతానంటే పెద్ద మనసుతో ఒప్పుకున్నారు. వారికి కృతజ్ఞతలు.

అయితే ఈరోజు మన కోర్టు కట్టల గురించి కాదు, అమెరికాలో వర్జీనియా రాష్ట్రపు పల్లె కోర్టుల కట్టల గురించి చెబుతాను. మన కోర్టుల మాట చివర్లో వస్తుంది.

మా అమ్మాయి కుటుంబం వర్జీనియాలో ఉంటుంది. మన తెలుగువాళ్లు అక్కడ చాలామంది ఉన్నారు. పదవీ విరమణ తరవాత అక్కడికి వెళ్లినప్పుడు, అందరూ చూసే జలపాతాలూ స్మారకాలూ చూపిస్తామన్నారు. ఇక్కడి కోర్టులు పాత రికార్డులు ఎక్కడ పెడతాయో అది చూపించమన్నాను. అల్లుడుగారు ఒక శనివారం రిచ్‌మండ్ తీసుకువెళ్లారు. అక్కడ బ్రాడ్ స్ట్రీట్‌లో లైబ్రరీ ఆఫ్ వర్జీనియా ఉంది. పేరు లైబ్రరీయే కాని, అది ఆ రాష్ట్రానికి పాత పత్రాల భాండాగారం కూడా. రాష్ట్రంలోని కౌంటీ కోర్టుల పాత సివిల్ కాగితాలు ఎన్నో అక్కడికి చేరాయి. కౌంటీ అంటే మన పాత తాలూకా లాంటిది అనుకోండి. దానికో ముఖ్య పట్టణం, ఆ పట్టణం నడిబొడ్డున స్తంభాలతో ఒక కోర్టు భవనం, అందులో ఒక క్లర్కు ఉంటారు. ఆ క్లర్కు గదే ఆ పల్లెల జ్ఞాపకాల గది.

అక్కడ ఇంకా విప్పని ఒక కట్టను నాకు చూపించారు. కాగితాలు అడ్డంగా మూడు మడతలు పెట్టి ఉన్నాయి. పై మడత మీద వాది పేరు, ప్రతివాది పేరు, సంవత్సరం సిరాతో రాసి ఉన్నాయి. కట్ట చుట్టూ ఎర్ర నాడా ఉంది. సగం రంగు పోయి, ముడి దగ్గర మాత్రం ముదురు ఎరుపు మిగిలింది. నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఆ ముడి నాకు తెలుసు. అదే నాడా, అదే ముడి, పై మడత మీద అదే పద్ధతిలో పేర్లు. ఇంగ్లీషువాళ్లు ఆ పద్ధతిని అటు వర్జీనియాకూ ఇటు మద్రాసుకూ తీసుకువెళ్లారు. వర్జీనియాలో 1802లో పెద్ద చాన్సరీ కోర్టును మూడు ప్రాంతాలుగా విడదీసి, ఒకదాన్ని కొండల మధ్య ఉన్న స్టాంటన్ పట్టణంలో పెట్టారు. అదే 1802లో మద్రాసు ప్రెసిడెన్సీలో జిల్లా కోర్టుల రెగ్యులేషన్లు వచ్చాయి.

స్టాంటన్ అగస్టా కౌంటీకి ముఖ్య పట్టణం. అగస్టాను 1738లో ఏర్పాటు చేశారు. కోర్టు మొదలైంది మాత్రం 1745లో. అప్పట్లో కాగితం మీద ఆ కౌంటీ పడమటి ఎల్ల మిసిసిపీ నది దాకా ఉండేది. నాగలి తప్ప మరో ఆస్తి లేనివాళ్లు, ఐర్లండ్ ఉత్తర భాగం నుంచి వచ్చినవాళ్లు, జర్మనీ నుంచి వచ్చినవాళ్లు ఆ లోయలో దిగారు. దిగిన కొద్ది కాలానికే ఒకరి మీద ఒకరు దావాలు వేసుకున్నారు. ఆ కోర్టులోనే జడ్జిగా ఉన్న లైమన్ చాక్లీ అనే ఆయన ఆ కాగితాలు ఏళ్ల తరబడి చదివి సారాంశాలు రాశారు. 1912లో అవి మూడు సంపుటాలుగా అచ్చయ్యాయి. ఆ లోయ చరిత్ర రాసేవాళ్లు ఇవాళ్టికీ వాటినే ముందు తెరుస్తారు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. చాన్సరీ అన్న మాట వాడాను కదా, దాన్ని కాస్త ఓపికగా చెప్పనివ్వండి. నేను ఇవాళ చెప్పేదంతా దాని మీదే నిలబడి ఉంది.

ఇంగ్లండులో రెండు రకాల న్యాయం ఉండేది. ఒకటి చట్టం ప్రకారం, జూరీ ముందు నడిచేది. బాకీ ఎగ్గొట్టాడా, గిత్తను దొంగిలించాడా వంటివి దానికి సరిపోతాయి. రెండోది చాన్సరీ. చట్టం అక్షరం పట్టుకుంటే అన్యాయం జరిగే చోట, ఆ అక్షరం పక్కన పెట్టి, ఏది ధర్మమో చూసి తేల్చడం. తండ్రి ఆస్తి పంపకం, విధవ వాటా, మైనరు పిల్లల సొత్తు మింగేసిన గార్డియను లెక్కలు, వీలునామా తగాదాలు, భాగస్వామ్యాల చీలిక, తరవాతి కాలంలో విడాకులు కూడా చాన్సరీకే వెళ్లాయి. జూరీ ఉండదు. తీర్పు చెప్పేది జడ్జి ఒక్కరే.

జూరీ కోర్టులో సాక్షి వచ్చి నోటితో చెబుతాడు. పన్నెండుమంది వింటారు, తీర్పు చెబుతారు, వెళ్లిపోతారు. సాక్షి మాట ఆ గదిలోనే గాలిలో కలిసిపోతుంది. మిగిలేది ఒక వాక్యం: వాదికి ఇంత సొమ్ము ఇప్పించాము. చాన్సరీలో అలా కాదు. అక్కడ జడ్జి సాక్షిని చూడడు. కాగితం చూస్తాడు. కాబట్టి ప్రతి సాక్షి చెప్పిన ప్రతి మాటా కాగితం మీదికి రావలసిందే. ఫలానా తేదీన, ఫలానా వారి ఇంట్లో, సూర్యోదయానికీ సూర్యాస్తమయానికీ మధ్య వాంగ్మూలాలు తీసుకుంటామని అవతలి పక్షానికి నోటీసు వెళ్లేది. ఆ ఇల్లు ఎవరి వసారానో, పూటకూళ్ల ఇల్లో అయ్యేది. చుట్టుపక్కల రైతులు, మంత్రసానులు, దుకాణదారులు వచ్చి కూర్చుని, అడిగిందానికల్లా జవాబు చెప్పేవారు. రాసేవాడు రాసుకునేవాడు.

అందుకే వర్జీనియా పల్లె మనుషుల మాట ఇన్నాళ్లు బతికింది. ఎవరూ చరిత్ర కోసం దాచలేదు. జడ్జి ఊరికి దూరంగా కూర్చుని కాగితం మీద తీర్పు చెప్పాలి కాబట్టి రాశారు. ఆ అవసరం ఎప్పుడో తీరిపోయింది. మాట మిగిలింది.

ఏం చెప్పారు ఆ సాక్షులు? ఒక విధవ వాటా దావా తీసుకోండి. భర్త పోతే, అతని భూమిలో మూడో వంతు ఆమె బతికినంతకాలం అనుభవించవచ్చు. ఆ మూడో వంతు విడదీయడానికి కోర్టు కమిషనర్లను పంపేది. వాళ్లు గొలుసు పట్టి కొలిచి, పటం గీసి, నివేదిక ఇచ్చేవారు. భూమి అయితే సరే, ఇల్లు ఎలా పంచాలి? ఏ గది ఆమెది, ఏ మెట్లు ఎక్కే హక్కు ఆమెకుంది, వంటిల్లు ఎవరు ఎలా వాడుకోవాలి, బావికి వెళ్లే దారి ఎటు నుంచి, ఇవన్నీ రాసిన నివేదికలున్నాయి. అవి చదువుతుంటే నాకు మన మనోవర్తి దావాలు గుర్తుకొచ్చాయి. హిందూ స్త్రీల ఆస్తి హక్కుల చట్టం 1937లో రాకముందు మన దగ్గర ఉమ్మడి కుటుంబంలో భర్త పోయిన స్త్రీకి తిండి, బట్ట, ఉండడానికి గది ఇవ్వమని కోర్టు చెప్పేది. ఏడాదికి ఎన్ని బస్తాల ధాన్యం, ఎన్ని చీరలు, పెరటి గదా వీధి గదా అని లెక్క కట్టేవాళ్లు. సముద్రాల అవతల ఉన్న ఆ స్త్రీ మెట్ల హక్కు కోసం ఎందుకంత పట్టుబట్టిందో నాకు ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేకపోయింది.

పెళ్లయిన స్త్రీ అక్కడ చాలాకాలం తన పేరుతో ఒంటరిగా దావా వేయలేకపోయింది. ఆమె తరఫున ఒక మగవాడు 'మిత్రుడు'గా నిలబడాలి. మన సివిల్ ప్రొసీజరు కోడులో మైనరు తరఫున దావా వేసే నెక్స్ట్ ఫ్రెండ్ గురించి ఇక్కడున్న వకీళ్లకు తెలుసు. అదే మాట. అక్కడ అది పెళ్లయిన ఆడవాళ్లకూ వర్తించింది. విడాకులు కావాలంటే 1851 రాజ్యాంగం వచ్చేదాకా రాష్ట్ర శాసనసభకు అర్జీ పెట్టుకునే దారి కూడా ఉండేది. ఆ రాజ్యాంగం ఆ అధికారాన్ని సభ నుంచి తీసేసింది. ఆ తరవాత అన్నీ కోర్టు కట్టల్లోకే చేరాయి. భర్త కొట్టిన దెబ్బల గురించి పొరుగింటావిడ చెప్పిన వాంగ్మూలాలు అలాంటి కట్టల్లో కనిపిస్తాయి. ఇంకే కాగితం మీదా ఆ పొరుగింటావిడ మాట కనిపించదు. జనాభా లెక్కల్లో ఆమె పేరూ వయసూ ఉండవచ్చు, అంతే.

ఇప్పుడు చెప్పబోయేది చెప్పడానికి నాకు కష్టంగా ఉంటుంది. కాని దీన్ని దాటవేస్తే ఆ కాగితాల గురించి చెప్పినట్టు కాదు.

వర్జీనియా బానిసత్వపు రాష్ట్రం. పంపకాల దావాల్లో భూమి, పశువులు, మంచాలు, గడియారాలతోపాటు మనుషుల జాబితా ఉంటుంది. ఎడమవైపు పేరు, పక్కన వయసు, కుడివైపు డాలర్లలో వెల. కమిషనర్లు వాళ్లను సమాన విలువగల వాటాలుగా కట్టేవారు. ఒక వాటా కాస్త బరువైతే, అది తీసుకున్నవాడు తక్కువ వచ్చినవాడికి తేడా సొమ్ము ఇచ్చేవాడు. మన ఊళ్లలో అన్నదమ్ములు చీట్లు వేసుకుని పొలం పంచుకుంటే ఇలాగే తేడాలు సరిచేసుకుంటారు. నేను అలాంటి పంపకాల డిక్రీలకు వందల నకళ్లు రాశాను. ఆ లెక్క నాకు తెలిసిన లెక్కే. ఒక జాబితాలో తల్లి పేరు, దాని పక్కన 'ఆమె బిడ్డ' అని ఉంది. బిడ్డకు పేరు రాయలేదు. ఇద్దరికీ కలిపి ఒకటే వెల. నేను కంప్యూటర్ తెర మీద ఆ వరస దగ్గరే ఆగిపోయాను. అల్లుడుగారు, 'అత్తయ్యగారూ, ఇక వెళదామా?' అని రెండుసార్లు అడిగారట. వినలేదు.

ఆ కాగితాలను అక్కడివాళ్లు ఎందుకు ఇంత జాగ్రత్తగా విప్పుతున్నారో ఆ వరస దగ్గరే నాకు అర్థమైంది. 1870కి ముందు అమెరికా జనాభా లెక్కల్లో బానిసల పేర్లు రాయలేదు. వయసు, ఆడా మగా, రంగు, ఇంతే. తమ పూర్వీకులను వెతుక్కునే నల్లజాతి కుటుంబాలకు ఆ తేదీ దగ్గర గోడ తగులుతుంది. ఆ గోడకు ఉన్న కిటికీల్లో ఈ దావా కట్టలొకటి. వెల కట్టడానికి రాసిన పేరు, ఇవాళ మునిమనవళ్లకు దొరికే ఒకే ఒక్క పేరు కావచ్చు. లైబ్రరీ ఆఫ్ వర్జీనియా ఈ పేర్లన్నిటినీ వెతకడానికి వీలుగా 'వర్జీనియా అన్‌టోల్డ్' అనే ప్రత్యేక ప్రాజెక్టు నడుపుతోంది.

బానిసలుగా ఉన్నవాళ్లు కూడా కోర్టుకెక్కారు. 1662 నుంచి వర్జీనియా చట్టం బిడ్డది తల్లి స్థితి అని చెప్పింది. తల్లి బానిస అయితే బిడ్డ బానిస. అంటే, తల్లి తల్లి స్వతంత్రురాలని రుజువు చేయగలిగితే, ఆ వంశమంతా స్వతంత్రులే. జాకీ రైట్ అనే ఆమె, ఆమె పిల్లలు అలాగే దావా వేశారు. తమ మూలం బటర్‌వుడ్ నాన్ అనే ఆ నేల మూలవాసి స్త్రీ అని, తమను బానిసలుగా ఉంచడం చట్టవిరుద్ధమని వాళ్ల వాదన. నాన్ కూతురు హానాకు పొడవైన నల్లని జుట్టు, రాగి ఛాయ ఉండేవని, ఇరుగుపొరుగు ఆమెను మూలవాసి అనే అనేవారని సాక్ష్యం వచ్చింది. చాన్సరీ జడ్జి జార్జ్ విత్ వాళ్లను విడుదల చేశారు. మనుషులందరికీ స్వేచ్ఛ పుట్టుకతో వస్తుందని, కాబట్టి కాదని రుజువు చేయవలసింది యజమానేనని ఆయన అన్నారు. అప్పీలు కోర్టు 1806లో వాళ్ల విడుదలను నిలబెట్టింది. కాని విత్ చెప్పిన ఆ సూత్రాన్ని కొట్టేసింది. తెల్లవారిలాగో మూలవాసుల్లాగో కనిపించేవాళ్లను స్వతంత్రులుగా భావించాలి, ఆఫ్రికన్‌లా కనిపించేవాళ్లు తమ స్వేచ్ఛను తామే రుజువు చేసుకోవాలి అని తేల్చింది. ఒక కుటుంబం గెలిచింది. అదే తీర్పు వేలమందికి తలుపు మూసింది. రెండూ ఒకే తీర్పులో ఉన్నాయి.

ఇంకొక సంగతి. బానిసత్వాన్ని అంతం చేసిన అమెరికా అంతర్యుద్ధం 1865లో ముగిసేదాకా తెల్లవారు కక్షిదారులుగా ఉన్న దావాల్లో నల్లవారి సాక్ష్యం చెల్లేది కాదు. స్వేచ్ఛ కోసం దావా వేసినా, ఆ స్వేచ్ఛ గురించి మాట్లాడవలసింది తెల్ల పొరుగువాడే. కాబట్టి ఈ కాగితాలు అందరి గొంతూ వినిపిస్తాయని నేను చెబితే అబద్ధమవుతుంది. 1866 తరవాతి కట్టలు చూడండి, హఠాత్తుగా గొంతు మారుతుంది. ఆ ఏడాది ఫిబ్రవరిలో వచ్చిన చట్టం, బానిసలుగా ఉన్నప్పుడు కలిసి కాపురం చేసినవాళ్ల పెళ్లిళ్లను గుర్తించింది. దాంతో వారసత్వపు తగాదాలు వచ్చాయి. ఫలానా అతను నిజంగా ఫలానా ఆమె భర్తేనా, ఈ పిల్లలు వాళ్ల పిల్లలేనా? తేల్చడానికి ముసలివాళ్లు వచ్చి కూర్చున్నారు. ఎవరు ఎవరి కడుపున పుట్టారో, ఎవరిని ఎక్కడికి అమ్మేశారో, ఏ తోటలో ఎవరి పక్కన ఎవరు పనిచేశారో చెప్పారు. రాసేవాడు రాసుకున్నాడు. తరతరాలుగా నోరు మూయించిన మనుషులు మొదటిసారి నోరు విప్పింది ఒక చిన్న పల్లె కోర్టు పంపకాల దావాలో.

ఇవన్నీ మిగిలాయని అనుకోకండి. యుద్ధకాలంలో తూర్పు వర్జీనియా కౌంటీలు కొన్ని, శత్రుసైన్యం తగలబెడుతుందన్న భయంతో తమ రికార్డులను భద్రంగా ఉంటాయని రాజధాని రిచ్‌మండ్‌కు పంపాయి. 1865 ఏప్రిల్ 3న రిచ్‌మండ్ తగలబడింది. హానోవర్ కౌంటీ దస్తావేజులు, వీలునామాలు చాలావరకు ఆ మంటల్లో పోయాయి. అయినా, కాలిపోయిన కౌంటీ వీలునామా నకలు ఇంకో కౌంటీ దావాలో నిశానీగా, అంటే సాక్ష్యపు కాగితంగా, దాఖలై ఉంటుంది. అలా పక్క కోర్టుల కట్టల్లో దొరికిన నకళ్లన్నీ ఏరి, కాలిపోయిన కౌంటీల పేరు మీద ఒక సేకరణ తయారుచేశారు. నకళ్లు రాసి జీవితం గడిపినదాన్ని, ఆ మాట విన్నప్పుడు నాకు కలిగిన సంతోషం ఎలా చెప్పను? నేను రాసిన ఏ నకలు ఎవరి ఇంట్లో ఏ పెట్టె అడుగున ఉందో!

ఇక ఆ విప్పే పని. మూడు మడతల కాగితాన్ని ఒక్కసారిగా తెరిస్తే మడత దగ్గర చిట్లుతుంది. మెత్తని కుంచెతో దుమ్ము తీస్తారు. తుప్పు పట్టిన గుండుసూదులు ఒక్కొక్కటిగా తీస్తారు. అవసరమైతే కాస్త తేమ చూపించి, బరువు కింద నెమ్మదిగా చదును చేస్తారు. ఆమ్లం లేని అట్టల్లో పెడతారు. వాది, ప్రతివాది, దావాలో కనిపించే ఇంటిపేర్లు అన్నీ సూచికలో ఎక్కిస్తారు. తరవాతే ఫొటో. మనం ఇంట్లో కూర్చుని కంప్యూటర్‌లో చూసే ఒక్కొక్క పుట వెనక ఇంత చేతిపని ఉంది. కోర్టుల్లో దస్తావేజులు రిజిస్టరు చేసేటప్పుడు వసూలయ్యే రుసుములో కొంత ఈ పనికి వెళుతుంది. ఆ ఏర్పాటు నాకు చాలా నచ్చింది.

పాత కాగితమే గట్టిది. 1850కి ముందరి కాగితం గుడ్డ పీలికలతో చేసినది, వంచినా వంగుతుంది. ఆ తరవాతి చెక్కగుజ్జు కాగితం ముట్టుకుంటే పొడి. మన రికార్డు గదిలోనూ నేను ఇదే చూశాను. ఇంకొక విషాదం కూడా అక్కడ విన్నాను. 1930లలో వర్జీనియాలోనే విలియం బ్యారో అనే ఆయన, చిరుగుతున్న పత్రాలకు రెండు వైపులా సెల్యులోజ్ అసిటేటు పొర వేసి వేడితో అతికించే పద్ధతి కనిపెట్టారు. దేశమంతా మెచ్చుకుని వాడింది. దశాబ్దాల తరవాత ఆ పొరే పాడై వినెగరు వాసన రావడం మొదలైంది. ఇప్పుడు దాన్ని విడదీయడం ఇంకొక పెద్ద పని. బ్యారో నిజాయితీగా మేలు చేయాలనుకున్నారు. అందుకే నేను ఎవరైనా పాత కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో వేసి అతికిస్తానంటే చెయ్యి పట్టుకుని ఆపుతాను.

మన దగ్గరికి వస్తాను. 1917లో చేసిన రికార్డుల ధ్వంస చట్టం మన హైకోర్టులకు, పాత రికార్డులను ఎప్పుడు తీసేయాలో నియమాలు చేసే అధికారం ఇచ్చింది. స్థూలంగా చెప్పాలంటే, తీర్పూ డిక్రీ నిలిచిపోతాయి. మిగిలిన కాగితాలు గడువు తీరాక వెళ్లిపోతాయి. గదులు నిండిపోతాయి, చెదలు పడతాయి, కాబట్టి ఆ నియమాలు ఎందుకు పెట్టారో నాకు తెలుసు. కాని పోయేవాటిలో వాంగ్మూలాలున్నాయి. మన పాత మున్సిఫ్ కోర్టుల్లో రైతు, కూలి, విధవ తెలుగులో చెప్పినది తెలుగులోనే రాసిన పుటలున్నాయి. 'మా చేను గట్టు మీద రేగుచెట్టు ఉండేదండి, అదే హద్దు' అని మొదలయ్యే మాటలు. నేను ఉద్యోగంలో చేరిన తొలినాళ్లలో, ఒక కోర్టులో గడువు తీరిన కట్టలు గోనె సంచుల్లో తూకానికి వెళ్లడం చూశాను. ఒక సంచి చిరిగి వరండాలో పుటలు రాలాయి. ఏరి మళ్లీ సంచిలో వేశాను. అది నా విధి. అందులో ఒక వాంగ్మూలం చివర సంతకం బదులు వేలిముద్ర, దాని చుట్టూ గుమాస్తా రాసిన పేరు ఇప్పటికీ కళ్లముందు ఉంది.

2002 నుంచి సివిల్ దావాల్లో సాక్షి ముఖ్య విచారణ అఫిడవిట్ రూపంలో వస్తోంది. పని త్వరగా అవుతుంది, కాదనను. కాని ఆ అఫిడవిట్‌లో ఉండేది వకీలుగారి గుమాస్తా భాష. రేగుచెట్టు అందులోకి రావడం లేదు. వస్తే ఎదుటి పక్షం అడ్డు ప్రశ్నల్లో రావాలి.

మీలో చాలామంది ఇళ్లలో ఇనప్పెట్టెల అడుగున, అటకల మీద పాత దావా నకళ్లుంటాయి. తాతగారి పంపకాల డిక్రీ, ముత్తవ్వ మనోవర్తి దావా, ఎప్పుడో ఓడిపోయిన హద్దు తగాదా. కోర్టులో అసలు పోయి ఉండవచ్చు. మీ దగ్గరున్నదే ఇప్పుడు అసలు. గ్రంథాలయాధికారిగారు ఒక బల్లా రెండు కుర్చీలూ ఇస్తామన్నారు. రేపు పది గంటల నుంచి నేను ఇక్కడే ఉంటాను, వారోత్సవాలు ముగిసేదాకా రోజూ ఉంటాను. కాగితాలు మీవే, మీ దగ్గరే ఉంటాయి. ఫొటో తీసి, పేర్లు రాసుకుని, తిరిగి ఇచ్చేస్తాను. ఒక్క మాట: ఇంట్లో విప్పకండి. ఎలా ఉన్నవి అలాగే, నాడా ముడితో సహా తీసుకురండి. మడత నేను విప్పుతాను.